గౌరవప్రదమైన ఆకలి

కథానాయకుడికి ఆకలి వేయవచ్చునా, వేయకూడదా అన్న ప్రశ్న మన రాష్ట్రంలో చాలాకాలం ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఆ విషయం మీద అంతవరకు ఉపసంఘం లేకపోవడమే. ఉపసంఘం వేశాక, ఈ ప్రశ్న లేకుండా జనం ఇన్నాళ్లూ ఎలా బతికారా అని అందరికీ ఆశ్చర్యం కలిగింది.

దీనికంతటికీ మూలం హైమావతి. కాకినాడలో ఒక మిఠాయి దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని కంప్యూటర్ ఆటలు తయారుచేసే మనిషి. అంతకుముందు పెళ్లి శుభలేఖలకు బొమ్మలు వేసేది. వినాయకుడినీ, అరటి పిలకలనూ, పల్లకీనీ వేసి వేసి విసుగెత్తి, ఆరోన్ అనే ప్రోగ్రామరును తోడు తెచ్చుకుని ఈ పనిలోకి దిగింది. కింద కొట్టులో కాజాలు పాకంలో మునుగుతుంటే, పైన వీళ్లిద్దరూ ఆ వాసన పీలుస్తూ ‘దారిబత్తెం’ అనే ఆట తయారుచేశారు.

ఆటలో వీరన్న అనే పాతకాలపు వార్తాహరుడు ఉంటాడు. ఆడేవాళ్లే వీరన్న అయిపోయి మన్యం కొండల నుంచి కోరంగి రేవు దాకా నడవాలి. వెదురు గొట్టంలో ఉన్న కబురును, ఓడ లంగరెత్తేలోగా సరంగు చేతిలో పెట్టాలి. తెర మూల ఒక కంచు గిన్నె ఉంటుంది. వీరన్న నడిచేకొద్దీ అది ఖాళీ అవుతుంది. పూర్తిగా ఖాళీ అయితే దారి మసకబారి, కాళ్లు తడబడి, పడిపోతాడు. గిన్నె నిండాలంటే ఏదో ఒక ఇంటి తలుపు కొట్టి ఒక మీట నొక్కాలి. ఆ మీట నొక్కితే వీరన్న, “అమ్మా, నాకు ఆకలేస్తోంది, ఇంత అన్నం పెడతారా?” అంటాడు. కొన్ని ఇళ్లు పెడతాయి. కొన్ని తలుపు వేసేస్తాయి. కొన్ని ముందు కట్టెలు కొట్టమంటాయి. ఎవరింటి ఉప్పు తిన్నాడో వాళ్లకు ఆపద వస్తే వీరన్న నిలబడాలి. ఆట మొదట్లోనే తెర మీద ‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అని ఉంటుంది.

ఆ మీట అంటే హైమకు ప్రాణం. దానికి కారణం ఉంది. ఇంటర్ అయ్యాక ఎంట్రన్సు పరీక్ష రాయడానికి ఆమె రాజమండ్రిలో మేనత్త ఇంట్లో దిగింది. బస్సు దిగేసరికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. అత్త తిన్నావా అని అడిగింది. మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి తినే వచ్చానంది. అత్త మళ్లీ అడిగింది, మళ్లీ వద్దంది. మూడోసారి అడగగానే సరేనందామని కాచుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ గోడ మీంచి పిలిచింది, అత్త వెళ్లిపోయింది, ఆ మూడోసారి మరి రాలేదు. పొద్దున్న కూడా కాఫీతో సరిపెట్టుకుని పరీక్షకు వెళితే ప్రశ్నపత్రం మీద అక్షరాలు చీమల్లా పాకాయి. ఆ ర్యాంకు సంగతి వాళ్లింట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

అలాంటి మనిషి కాబట్టి, ఆ మీట లేకపోతే అసలు ఆటే లేదని ఆరోన్‌తో మొదటిరోజే చెప్పేసింది.

రాష్ట్ర డిజిటల్ సంస్కృతీ వికాస మండలి అని ఒకటి ఉంది. అది ఈ ఆటను పరిశీలనకు ఎంపిక చేసింది. ఆమోదం దొరికితే ప్రతి సర్కారు బడిలోనూ కంప్యూటర్లలో ‘దారిబత్తెం’ పెడతారు. దొరక్కపోతే హైమ మళ్లీ అరటి పిలకల దగ్గరికి వెళ్లాలి. రొట్టె విరిగి నేతిలో పడిందని ఆమె సంబరపడుతూ కింది కొట్టులో కాజాలు కొని ఆరోన్ నోట్లో పెట్టింది. సంబరం మొదటి సమావేశం దాకా ఉంది.

మండలి చైర్మన్ విశ్వంభరరావు గారు. ఏ శాఖలో రిటైరయ్యారో ఆయనకే గుర్తులేనన్ని శాఖలు చూసిన పెద్ద అధికారి. మంచినీళ్లు కావాలన్నా ఫైలు భాషలోనే అడుగుతారు. ఆయన ఆట చూసి, కళ్లజోడు తీసి, అభ్యంతరం తెలియజేశారు.

“వీరుడు యుద్ధము చేయును. ప్రేమించును. అవసరమైన చోట ప్రాణత్యాగము కూడా చేయును. ఆకలిగొనుట మాత్రము ఎచ్చటను కానరాదు” అన్నారు.

పక్కనే హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు నిఖిలేష్ ఉన్నాడు. అతను లేచి తెర మీద విదేశీ ఆటల బొమ్మలు చూపించాడు. మంచులో చలికి వణికే వీరులు, తోడేళ్ల మాంసం కాల్చుకునే వీరులు, దుంపలు తవ్వుకునే వీరులు. ఆకలి లేని ఆటలో ఇమ్మర్షన్, అంటే ఆడేవాళ్లు లీనమైపోవడం, ఉండదనీ, ఇప్పుడు ప్రపంచమంతా ఆకలే నడుస్తోందనీ చెప్పాడు. ప్రపంచం అన్న మాట వినగానే చైర్మన్ గారి మనసు మెత్తబడింది. రాష్ట్రం ఆకలిలో వెనకబడి ఉండకూడదని భావించి, అక్కడికక్కడే ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో ఆయనా, నిఖిలేషూ, ప్రసూనాంబ గారూ సభ్యులు. ప్రసూనాంబ గారు గృహవిజ్ఞానం పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. మర్యాదల విషయంలో ఆమె మాటకు రాష్ట్రంలో తిరుగులేదు.

ఉపసంఘం టీ తాగేలోగా తేల్చేసింది. ఆకలి ఉండవచ్చును, అయితే అది గౌరవప్రదమైన ఆకలి అయి ఉండవలెను. కాబట్టి అడిగే మీట తీసివేయవలెను.

అడగనిదే అమ్మైనా పెట్టదని పెద్దలే అన్నారు కదండీ అని హైమ మెల్లగా గుర్తుచేసింది. సామెతలు ఈ మండలి పరిధిలోనికి రావనీ, వాటికి వేరే అకాడమీ కలదనీ చైర్మన్ గారు సెలవిచ్చారు. మరి అడక్కపోతే ఎలా తింటాడండీ అంది.

ప్రసూనాంబ గారు జాలిగా నవ్వారు. “మన ఇళ్లల్లో అడిగే అవసరం ఎందుకొస్తుందమ్మా, వాళ్లే పెడతారు. వీరన్న చెయ్యాల్సిందల్లా పద్ధతిగా తినడమే. మొదటిసారి అడగ్గానే సరేనంటే గతిలేనివాడనుకుంటారు. రెండోసారికి ఒప్పుకుంటే ఆత్రగాడు. మూడోసారి కూడా వద్దంటే పొగరు. రెండుసార్లు వద్దని మూడోసారి కూర్చోవాలి. ఇది నేను ముప్పైయేళ్లు పాఠం చెప్పాను.”

హైమకు రాజమండ్రి గుర్తొచ్చింది. ఆ పాఠం తనకూ బాగానే వంటబట్టిందని చెబుదామనుకుంది కానీ, పెద్దవాళ్ల ముందు మొహమాటం అడ్డొచ్చింది.

ఆరోన్ మీట తీసేసి, పద్ధతి ఎక్కించాడు. తలుపు దగ్గర వీరన్న నిలబడగానే ఇల్లాలు భోంచేయమంటుంది. వద్దమ్మా అంటాడు. మళ్లీ అంటుంది, మళ్లీ వద్దంటాడు. మూడోసారికి కాళ్లు కడుక్కుంటాడు. అంతవరకు బాగానే ఉంది. అయితే ఆ ఇల్లాళ్ల మాటలన్నీ ఆరోన్ తన అమ్మమ్మను తలుచుకుని రాశాడు. ఆవిడది కోనసీమ. వీరన్న విస్తరి ముందు కూర్చున్నది మొదలు, ఇంకొక్క ముద్ద అంటుంది, నా మీద ఒట్టంటుంది, ఈ బొబ్బట్టు నీకోసమే తీసిపెట్టానంటుంది. లేస్తానంటే ఇల్లాలి మొహం చిన్నబోతుంది. మొహం చిన్నబోతే మర్యాద తప్పినట్టు. వీరన్న పులిహోర తిని, పనసపొట్టు కూర తిని, ఆవడలు తిని, గిన్నె పొంగి పొర్లి, అరుగు మీద వెల్లకిలా పడ్డాడు. ఎన్నిసార్లు ఆడినా పెద్దాపురం దాటలేదు. కోరంగిలో ఓడ వెళ్లిపోతూనే ఉంది.

“ఆకలితో కాదక్కా, అజీర్తితో పోతున్నాడు మనోడు” అన్నాడు ఆరోన్.

హైమ ఈ సంగతి మండలికి నివేదించి, పోనీ ఆ మీట తిరిగి పెట్టేద్దామండీ అని ఆశగా అడిగింది. మీట మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. నిఖిలేష్ మాత్రం మండిపడ్డాడు.

“ఇది ఫోర్స్ ఫీడింగ్ మేడమ్. వద్దన్నవాణ్ని పదేపదే అడగడం కన్సెంట్ వయొలేషన్. ఏదైనా డిలీట్ చేసేముందు కంప్యూటర్ ఏం చేస్తుంది? నిజంగానేనా అని ఒక్కసారి కన్ఫర్మ్ చేసుకుంటుంది. అంతే. హోస్ట్ ఒకసారి అడగాలి, ఒకసారి కన్ఫర్మ్ చేసుకోవాలి, తలుపు వేసెయ్యాలి” అన్నాడు.

ప్రసూనాంబ గారు ఎంతమాత్రం తగ్గలేదు. ఇల్లాళ్లు ఎన్నిసార్లు అడుగుతారన్నది వాళ్ల ఇష్టమనీ, వీరన్న మాత్రం రెండుసార్లు వద్దని తీరాలనీ అన్నారు. నిఖిలేష్‌ను కాదంటే ప్రపంచానికి కోపం, ఆమెను కాదంటే సంస్కృతికి కోపం. చైర్మన్ గారు ఉద్యోగంలో ఇలాంటి ముందు నుయ్యి వెనక గొయ్యి చాలా చూశారు. రెండు ప్రతిపాదనలూ పరస్పర గౌరవంతో ఏకకాలంలో అమలు కావలెనని తీర్మానించారు.

హైమ వేళ్ల మీద లెక్క చెప్పింది. ఇల్లాలు రెండుసార్లే అడుగుతుంది. వీరన్న రెండుసార్లూ వద్దంటాడు. తినాల్సిన మూడోసారి ఇక రాదు.

“అంటే ఇంక జన్మలో తినడన్నమాటండీ” అంది.

“అది ఆచరణలో తేలవలసిన విషయము” అన్నారు చైర్మన్ గారు.

ఆచరణలో తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. వీరన్న మొదటి ఇంటి ముందు నిలబడ్డాడు. లోపల విస్తరి వేసి ఉంది. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరి వేయడానికి హైమ ఎంతో కష్టపడింది. ఇల్లాలు ప్రేమగా భోంచేయమంది. ఇప్పుడే తినొచ్చానమ్మా అన్నాడు వీరన్న. నిజంగా వద్దా నాయనా అందామె. నిజంగానే అన్నాడు. తలుపు మెత్తగా మూసుకుంది. పక్క ఇంట్లోనూ అంతే. ఆ పక్క ఇంట్లోనూ అంతే. దారి పొడుగునా ఒక్క చెడ్డమనిషి లేడు, ఒక్కరూ కసరలేదు, ఏ ఇంట్లోనూ వండిన అన్నానికి కొదవ లేదు. వీరన్న సామర్లకోటలో రెండు పెళ్లిళ్ల మధ్య పడి ప్రాణం విడిచాడు.

ఆరోన్ ఆట ఆపేశాడు. తను ఇదివరకు పనిచేసిన ఆటల్లో వీరులను రాక్షసులు చంపేవారనీ, అది ఇంతకంటే నయమనీ అన్నాడు.

ఈ చావు మండలిని కదిలించింది. ‘ఆకలితో మరణించెను’ అన్న మాట బడిపిల్లలు చదివే తెర మీద ఉండకూడదని చైర్మన్ గారు పట్టుబట్టి, దాని బదులు ‘వీరన్న ఆత్మగౌరవముతో విశ్రమించెను’ అని రాయించారు. నిఖిలేష్ దానికి వీణానాదం జతచేయించి, ఎమోషనల్ ఎండింగ్ కుదిరిందన్నాడు. ప్రసూనాంబ గారు అది చూసి, ఎంత మర్యాదస్తుడని కళ్లొత్తుకున్నారు. మంత్రిగారు వచ్చి ఆట చూసి సరేనంటే ఆ వారంలోనే బడులకు పంపేస్తామని కబురు చేశారు.

ఆరోన్ పెళ్లిళ్ల సీజన్ వస్తోందని గుర్తుచేశాడు. మంత్రిగారు కాదంటే దేనికైనా మంచిదని పాత శుభలేఖల బొమ్మలు వెతికి పెట్టాడు కూడా. హైమకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లకు ఒక్క మాట నోరు తెరిచి చెప్పే మనిషిని తయారుచేస్తే, వాణ్ని కూడా తనలాగే తయారుచేశారు. పైగా వాణ్ని రాష్ట్రంలో ఉన్న పిల్లలందరికీ చూపించి నేర్చుకోమంటారు. మంత్రిగారు ఊ అనకముందే ఆయనతో మాట్లాడి తీరాలని నిశ్చయించుకుంది. ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి వల్లె వేసుకుంది.

ఆవిష్కరణ కాకినాడ అతిథిగృహంలో. మంత్రిగారు మధ్యాహ్నానికి వస్తారు, రాగానే భోజనాలు, ఆ తరువాత ఆట. వంట సత్తిబాబుది. ఆ చుట్టుపక్కల అతని చేతి పనసపొట్టు కూర తినని పెద్దమనిషి లేడు. హాలుకూ వంటశాలకూ మధ్య ఒక్క తలుపే ఉండడంతో, ఆవ పెట్టిన వాసన సభలో అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

మంత్రిగారు మాత్రం రాలేదు. ఒంటిగంట అయింది, రెండయింది. ముఖ్య అతిథి రాకుండా విస్తరి ముందు కూర్చోకూడదని ఏ జీవోలోనూ లేదు. అయినా రాతి మీద చెక్కిన శాసనం కూడా అంత గట్టిగా అమలు కాదు. చైర్మన్ గారు బాధ్యతగా, ఎవరికైనా ఆకలిగా ఉన్నదా అని విచారించారు. లేదన్నారు అందరూ. ప్రసూనాంబ గారు పొద్దున టిఫిన్ బరువుగా అయిందన్నారు. నిఖిలేష్ తాను ఈ మధ్య మధ్యాహ్నం ఉపవాసమే చేస్తున్నానన్నాడు. హైమను అడిగితే, “అబ్బే, లేదండీ” అంది. అన్నాక తన నోటిని తానే నమ్మలేకపోయింది. చైర్మన్ గారి జేబులో దగ్గుబిళ్ల ఒకటి దొరికింది. ఆయన దాన్ని బయటికి తీసి, చుట్టూ చూసి, ఒక్కరే చప్పరించడం బాగోదని మళ్లీ లోపల పెట్టుకున్నారు.

పొద్దు వాలుతుండగా మంత్రిగారి కారు వచ్చింది. ఆయనదీ గోదావరి జిల్లానే. దిగుతూనే చేతులు జోడించి, ఆలస్యమైపోయిందనీ, పాపం మీరంతా భోజనాలు కానిచ్చేశారు కదా అనీ అన్నారు.

కాలేదంటే, మీవల్లే కాలేదని మంత్రిగారి మొహాన చెప్పినట్టవుతుంది. “అయినవి సార్. తమరిది?” అన్నారు చైర్మన్ గారు.

మంత్రిగారి చూపు ఒక్క క్షణం వంటశాల తలుపు మీద వాలింది. అందరూ తిన్నాక తనొక్కడూ తింటానంటే ఇంతమందినీ నిలబెట్టినట్టవుతుంది. “ఆయ్, దారిలో అయిపోయిందండి” అన్నారు.

ఇక భోజనాల పని లేదని చైర్మన్ గారు బంట్రోతు చేత వంటశాలకు కబురు పంపారు. కిటికీ పక్కన కూర్చున్న హైమకు తరువాత జరిగింది కనిపించింది. సత్తిబాబు పెరటి వరండాలోకి వచ్చి, కారు డ్రైవర్లనూ, పోలీసులనూ, గేటు మనుషులనూ ఒక్కసారి పిలిచాడు. వాళ్లు ఒక్కసారికే వచ్చి కూర్చున్నారు. పనసపొట్టు కూర ఆ వరస చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చింది.

హాల్లో దీపాలు ఆర్పారు. మంత్రిగారు చొక్కా నడిమి గుండీకి మైకు తగిలించుకుని తామే ఆట మొదలుపెట్టారు. వీరన్నను కొండ దింపారు. గిన్నె ఖాళీ అవుతుంటే ఒక ఇంటికి తీసుకువెళ్లారు. తలుపు మూసుకుంది. ఇంకో ఇంటికి తీసుకువెళ్లారు. తెర మీద విస్తళ్లలో ఆవిరి లేస్తుంటే హాల్లో గుటకలు మింగిన చప్పుడైంది. సామర్లకోటలో వీరన్న మోకాళ్ల మీదికి వాలాడు. వీణ మోగింది.

“ఏమైందండీ వీడికి?” అన్నారు మంత్రిగారు.

“ఆత్మగౌరవముతో విశ్రమించెను సార్.”

“అంటే పోయాడా?”

“ఆ పదము వాడుటలేదు సార్.”

“ఎదురుగా విస్తరి పెట్టుకుని ఎందుకు పోయాడండీ?”

“మర్యాదస్తుడండి” అన్నారు ప్రసూనాంబ గారు, గర్వంగా.

వాదించడానికి ఓపిక కావాలి, అది మంత్రిగారి దగ్గర లేదు. బాగుందండీ, మన సంస్కృతి కనబడుతోంది అన్నారు. చైర్మన్ గారు చప్పట్లు కొట్టారు. హైమ లేచి నిలబడింది. అద్దం ముందు చెప్పుకున్న మాటల్లో మొదటిది కూడా గుర్తురాలేదు. తెర మీద అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయింది. అంతా అయిపోయిందనుకుంది.

అప్పుడు హాల్లో నాలుగు మూలలా, స్పీకర్లన్నిటిలోంచీ, ఒక పెద్ద గుడగుడ వినిపించింది. మంత్రిగారి మైకు ఇంకా పొట్టకు దగ్గరగానే ఉంది. అధికారులందరూ తలలెత్తి ఫ్యాను వంక చూశారు.

మంత్రిగారు మైకు తీసేసి గొంతు సవరించుకున్నారు. ఇక్కడ వంటశాల ఎలా నడుపుతున్నారో ఒకసారి చూస్తే బాగుంటుందన్నారు. ఆకస్మిక తనిఖీ అని చైర్మన్ గారు ప్రకటించారు. తనిఖీకి అంత ఉత్సాహంగా కదిలిన అధికారులను హైమ ఎన్నడూ చూడలేదు.

వంటశాలలో పెద్ద గుండిగలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. మూత పెట్టిన గిన్నె ఒక్కటి మిగిలింది. సత్తిబాబు భుజం మీది తువ్వాలు తీసి చేతులు కట్టుకున్నాడు.

“అందరికీ అయిపోయిందన్నారని డ్రైవర్లకి పెట్టేశానండి బాబూ. కాసింత అన్నం, అడుగున పప్పుచారు ఉన్నాయండి. చాలకపోతే చిటికెలో బియ్యం పడేస్తానండి. వడ్డించమంటారా?”

మంత్రిగారు చైర్మన్ గారి వంక చూశారు. చైర్మన్ గారు ప్రసూనాంబ గారి వంక చూశారు. ఆమె నోరు ముప్పైయేళ్ల అలవాటు కొద్దీ తనంత తానే తెరుచుకుంది. “ఎందుకు బాబూ నీకు శ్రమ, ఇప్పుడేగా తిన్నాం” అన్నారు.

“నిజంగా వద్దాండీ?” అన్నాడు సత్తిబాబు.

“వద్దులేవయ్యా” అన్నారు మంత్రిగారు, పీలగా.

“రెండూ అయిపోయాయక్కా” అన్నాడు ఆరోన్ హైమ చెవిలో.

సత్తిబాబు గిన్నె ఎత్తి చంకన పెట్టుకున్నాడు. గుమ్మం వైపు తిరిగాడు. రాష్ట్రాన్ని నడిపేవాళ్లు అరడజను మంది ఆ గిన్నెను కళ్లతో సాగనంపుతున్నారు. హైమకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. ఇంతమంది పెద్దవాళ్ల ముందు, ఇందాక లేదన్న నోటితోనే, ఇప్పుడు ఉందని ఎలా అంటుంది? కానీ ఆ గిన్నె గుమ్మం దాటితే రాజమండ్రిలో గోడ అవతలికి వెళ్లిపోయిన అత్త మళ్లీ వెళ్లిపోయినట్టే.

“సత్తిబాబు గారూ, నాకు ఆకలేస్తోందండి. ఇంత అన్నం పెడతారా?” అంది.

అది అచ్చంగా మీటలో మాటే. సత్తిబాబు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

“అయ్యో తల్లీ, అడగాలా! కూర్చోమ్మా” అన్నాడు.

అడగాలనే కదా ఇన్నాళ్లూ కొట్టుకుంటున్నాను అనుకుని, హైమ ఒక పక్క నవ్వుతూ, ఒక పక్క కళ్లు తుడుచుకుంటూ పీట మీద కూర్చుంది. విస్తట్లో అన్నం పడింది. ఆవిరి లేచింది. తను వేసిన ఆవిరి ఇంత బాగా రాలేదనుకుంది.

మంత్రిగారు ఒక అడుగు ముందుకు వేశారు. “ఆడపిల్ల ఒక్కతీ కూర్చుని తింటే బాగోదండీ. తోడుగా మనం కూడా రెండు మెతుకులు కతుకుదాం” అన్నారు.

తోడు కూర్చోవడం మన సంప్రదాయమేనని ప్రసూనాంబ గారు వెంటనే ధ్రువీకరించి, హైమ పక్కన చతికిలబడ్డారు. ఒక్కరోజుకు ఉపవాసం సడలించవచ్చన్నాడు నిఖిలేష్. అందరూ కేవలం హైమకు తోడుగానే తిన్నారు. ఉన్న అన్నం అయిపోతే సత్తిబాబు మళ్లీ ఎసరు పెట్టాడు, ఆవకాయ జాడీ దించాడు. ఆకలి రుచెరగదంటారు, అయినా ఆ పప్పుచారు నిజంగానే అమోఘంగా ఉంది. చైర్మన్ గారు మారు వడ్డనకు ఒక్కసారి కూడా వద్దనలేదు.

చేతులు కడుక్కుంటూ మంత్రిగారు హైమ దగ్గరికి వచ్చి, ఇందాక నువ్వన్న మాట ఆటలో కూడా ఉంటే బాగుండేదమ్మా అన్నారు. ఉండేదండి, తీసేయించారు అంది హైమ. పెట్టించేయండి అన్నారాయన చైర్మన్ గారితో. చిత్తం, తగు విధివిధానములు రూపొందించెదమని చైర్మన్ గారు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ అన్నారు. హైమ ఆ రాత్రి మళ్లీ కాజాలు కొంది.

విధివిధానాలు వచ్చాయి. మంత్రివర్యులు ఆకస్మిక తనిఖీ జరుపుచుండగా ఒక మహిళకు ఆకలి వేసినట్లు గమనించి, తక్షణమే స్పందించి, యావన్మంది అధికారులతో ఆమెకు తోడుగా భోజనము చేయుట జరిగినదని అందులో మొదట రాశారు. ఈ అనుభవము దృష్ట్యా, వీరుడు ఎట్టి పరిస్థితులలోను అన్నము అడుగరాదు. అతనికి తోడుగా ఒక బాలిక పాత్రను నియమించవలెను. సదరు బాలిక అడుగవచ్చును. ఆమెకు పెట్టునపుడు, నీవు కూడా తోడు కూర్చొమ్మని వీరుని కోరవలెను. అట్లు కోరినపుడు వీరుడు యథాప్రకారము రెండుసార్లు వద్దనవలెను. రెండుసార్లకు మించి కోరరాదు.

“అయితే మళ్లీ చచ్చాడా?” అన్నాడు ఆరోన్.

హైమకు మొదట ఒళ్లు మండింది. ఇంకోసారి చదివింది. ఈసారి నవ్వు ఆగలేదు. బాలిక అడగవచ్చునట. అడిగాక తినవచ్చునట. తిన్నాక ఏం చేయకూడదో ఎవరూ రాయలేదు. ఆమె వెంటనే కూర్చుని ఒక పిల్లను గీసింది. పొట్టి జడ, బక్క కాళ్లు, రాజమండ్రి బస్సు దిగినప్పటి మొహం. దానికి పైడి అని పేరు పెట్టింది. ఆ పిల్లకు ఒక గిన్నె ఇచ్చి, దాని పక్కన తన మీటను తెచ్చి పెట్టింది. ఆరోన్‌కు ఇంకో చిన్న పని చెప్పింది. వీరన్న పడిపోతే వెదురు గొట్టం పైడి చేతికి అంది, ఆడేవాళ్లు అక్కడి నుంచి పైడి అయిపోయేట్టు చేయమంది.

‘దారిబత్తెం’ రాష్ట్రంలో బడులన్నిటికీ వెళ్లింది. ఇన్ని వేల మంది ఆడినా వీరన్న ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదని మండలి వార్షిక సభలో చైర్మన్ గారు సగర్వంగా ప్రకటించారు. ప్రసూనాంబ గారికి శాలువా కప్పారు. ఆటలో కబురు చేరుతోందా లేదా అని ఎవరూ అడగలేదు.

కబురు చేరుతోంది. పైడి తలుపు తలుపూ తట్టి, అడిగి, తిని, కట్టెలు కొట్టమంటే కొట్టి, ఉప్పు తిన్న ఇంటికి ఆపదొస్తే అడ్డం నిలబడి, ఓడ లంగరెత్తేలోగా కోరంగి రేవుకు చేరుతుంది. సరంగు గొట్టం అందుకుని, వీరన్న రాలేదేమని అడుగుతాడు.

“సామర్లకోటలో ఒకరి గుమ్మం దగ్గరున్నాడండి. ఇంకా వద్దంటున్నాడు” అంటుంది పైడి. తరువాత ఓడలోకి తొంగిచూసి, “ఏం వండారండీ? ఆకలేస్తోంది” అంటుంది.